పుచ్చగింజలోని అద్భుతం – న్యాయస్థానంలోని ప్రశ్న

పవిత్ర గ్రంథమంటూ ఒకటి ఇంట ఉన్న ప్రతి కుటుంబంలోనూ ఏదో ఒకనాడు ఒక ప్రశ్న తలెత్తుతుంది. ఇందులో చెప్పిన మహిమలన్నీ చెప్పినది చెప్పినట్లే జరిగాయా అని. అడిగేది సాధారణంగా పసివాడు. వాడి మాటలో వెటకారం ఉండదు, తెలుసుకోవాలన్న ఆరాటమే ఉంటుంది. తడబాటు పడేది సమాధానం చెప్పవలసిన పెద్దలే. జరిగింది, మారు మాట్లాడకు అంటే పిల్లవాడి బుద్ధి ముడుచుకుపోతుంది. అదంతా కట్టుకథ అని తోసిపుచ్చితే వాడి భక్తి వాడిపోతుంది.

ఈ ఇరకాటం ఒక్క మన ఇళ్లకే వచ్చినది కాదు. సుమారు నూరేళ్ల క్రితం అమెరికా దేశంలో ఒక మహావక్త, మూడు పర్యాయాలు అధ్యక్ష పదవికి పోటీచేసిన ప్రజానాయకుడు, వేసవి ఎండలో, వేలాది జనం చూస్తుండగా, సాక్షిగా ఈ ప్రశ్నకే సమాధానం చెప్పవలసి వచ్చింది. అది జరిగిన ఆరు రోజులకే ఆయన కన్నుమూశారు. ఆయన పేరు విలియం జెన్నింగ్స్ బ్రయన్. మన మతస్థుడు కాకపోయినా, దైవాన్ని నమ్మిన ప్రతివారూ ఒక్కసారి తెలుసుకోదగిన జీవితం ఆయనది.

విశ్వాసం వేళ్లూనిన బాల్యం

బ్రయన్ 1860 మార్చి 19న ఇల్లినాయ్ రాష్ట్రంలోని సేలం అనే చిన్న పట్టణంలో జన్మించారు. తండ్రి సైలస్ బ్రయన్ న్యాయమూర్తి, బాప్టిస్టు శాఖకు చెందిన నైష్ఠికుడు. తల్లి మరియా ఎలిజబెత్ మెథడిస్టు శాఖకు చెందినవారు. పదేళ్లు వచ్చేవరకు ఆ తల్లే బిడ్డకు ఇంట్లో చదువు చెప్పారు. ఆ ఇంట బైబిలు అలమరలో అలంకారంగా ఉంచిన పుస్తకం కాదు, నిత్యపారాయణ గ్రంథం. పద్నాలుగో ఏట బ్రయన్ తనంత తానుగా ప్రెస్బిటేరియన్ శాఖకు చెందిన సంఘంలో చేరారు.

కళాశాలలో చేరిన తొలినాళ్లలో ఆయనకూ సంశయం కలిగింది. సృష్టి ఎలా జరిగింది, మనిషి ఎక్కడినుంచి వచ్చాడు అన్న ప్రశ్నలు కొంతకాలం ఆయన మనసును కలవరపెట్టాయి. చివరకు బాల్యంనాటి విశ్వాసానికే తిరిగివచ్చి, మరణించేవరకు దానిని విడువలేదు. 1881లో ఇల్లినాయ్ కళాశాలలో పట్టభద్రులై, 1883లో షికాగోలో న్యాయశాస్త్రం పూర్తిచేశారు. 1884లో మేరీ బెయిర్డ్‌ను వివాహమాడారు. భర్తకు తోడుగా నిలవడానికి ఆమె కూడా న్యాయశాస్త్రం చదివి న్యాయవాదిగా అర్హత పొందడం ఆ కాలానికి విశేషమే. 1887లో ఈ దంపతులు నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్ నగరానికి తరలివెళ్లారు.

అప్పులపాలైన రైతు పక్షాన

నెబ్రాస్కా రైతుల నేల. ఆ రోజుల్లో అక్కడి రైతు బతుకు దుర్భరంగా ఉండేది. అమెరికా ద్రవ్యం బంగారానికి ముడిపడి ఉండటంతో చలామణిలో డబ్బు తక్కువగా ఉండేది, పంట ధరలు ఏటేటా పడిపోయేవి. నిరుడు నూరు బస్తాలతో తీరవలసిన అప్పు ఈ ఏడు నూట పాతిక బస్తాలు అమ్మినా తీరని పరిస్థితి. వెండిని కూడా ధారాళంగా నాణేలుగా ముద్రించాలనీ, అప్పుడే రుణభారం తగ్గుతుందనీ రైతులు మొరపెట్టుకున్నారు. ఆ మొరకు గొంతుక అయినవారు బ్రయన్.

1891 నుంచి 1895 వరకు ఆయన అమెరికా కాంగ్రెసు సభ్యులుగా పనిచేశారు. 1896 జూలై 9న షికాగోలో డెమొక్రటిక్ పార్టీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగం చరిత్రలో నిలిచిపోయింది. శ్రామికుని సిలువ వేయడానికి బంగారమే సిలువ అయిందన్న భావాన్ని అందులో ఆయన ఎంత ఆర్ద్రంగా చెప్పారంటే, సభ యావత్తూ ఆనందంతో ఊగిపోయింది. మరునాడే పార్టీ ఆయనను అధ్యక్ష పదవికి అభ్యర్థిగా ఎన్నుకున్నది. అప్పటికి ఆయన వయస్సు 36 ఏళ్లు. ఆ ఎన్నికలో సుమారు 18,000 మైళ్లు రైలు ప్రయాణం చేసి, ఊరూరా సుమారు 600 ప్రసంగాలు చేశారు. అయినా విలియం మెకిన్లీ చేతిలో ఓడిపోయారు. 1900లో, 1908లో మళ్లీ పోటీచేసి మళ్లీ ఓడిపోయారు. ఓటమి ఆయనను కుంగదీయలేదు. ఆదాయపు పన్ను, సెనేట్ సభ్యులను ప్రజలే నేరుగా ఎన్నుకోవడం, స్త్రీలకు ఓటు, మద్యనిషేధం వంటి ఆశయాలకు ఆయన అండగా నిలిచారు. అవన్నీ 1913, 1920 సంవత్సరాల మధ్య ఆ దేశంలో అమలులోకి వచ్చాయి. సామాన్యుల పెద్దదిక్కుగా ప్రజలు ఆయనను గౌరవించారు.

గింజలో దాగిన మహిమ

రాజకీయాలకు సమానంగా ఆయన ధర్మప్రసంగాలు చేశారు. ఆ కాలంలో అమెరికా పల్లెల్లో వేసవిలో పెద్ద డేరాలు వేసి, రోజుల తరబడి సంగీతమూ, ఉపన్యాసాలూ జరిపించేవారు. మనవారి పురాణ కాలక్షేపాల వంటివే అవి. అక్కడ బ్రయన్ ప్రసంగమంటే జనం బళ్లు కట్టుకుని వచ్చేవారు. క్రీస్తును శాంతిదూతగా వర్ణిస్తూ ఆయన ఇచ్చిన ఉపన్యాసాన్ని ఏళ్లతరబడి మళ్లీమళ్లీ చెప్పించుకున్నారు.

ఆ ఉపన్యాసంలో అద్భుతాల ప్రస్తావన వచ్చినప్పుడు ఆయన పుచ్చకాయ కథ చెప్పేవారు. ఒకనాడు పుచ్చకాయ తింటూ, దాని అందానికి మురిసి, కొన్ని గింజలు ఎండబెట్టి తూకం వేశారట. సుమారు 5,000 గింజలు కలిస్తే ఒక పౌను బరువు తూగాయి. అదే కాయ 40 పౌన్లు తూగితే, ఒక్క గింజ తన బరువుకు రెండు లక్షల రెట్లు పదార్థాన్ని కూడగట్టుకున్నదన్నమాట. నేలలోని మట్టినుంచి, నీటినుంచి అది పైన ఆకుపచ్చని తొడుగు, లోపల తెల్లని పొర, ఆ లోపల ఎర్రని గుజ్జు తయారుచేసుకున్నది. మళ్లీ ఆ గుజ్జులో తనవంటి గింజలను పొదుగుకున్నది. ఈ పని దానికి ఎవరు నేర్పారో చెప్పలేనివాడు భగవంతుని శక్తికి హద్దులు గీయడం తగదని బ్రయన్ వాదం. రోజూ కళ్లముందు జరిగే అద్భుతాన్నే అర్థం చేసుకోలేనప్పుడు, ఎన్నడో జరిగిందని చెప్పే అద్భుతాన్ని అసాధ్యమని ఎలా అనగలమని ఆయన ప్రశ్న.

ఈ మాటలో ఒక వినయం ఉంది. దాని వెనుకనే ఒక చిక్కు కూడా పొంచి ఉంది. గింజ మొలకెత్తడం ఎవరైనా, ఎప్పుడైనా చూడగలిగినది. దానిని చూసి అబ్బురపడటానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. కానీ గింజ మొలకెత్తుతున్నది గనుక ఫలానా గ్రంథంలో చెప్పిన ఫలానా సంఘటన అక్షరాలా జరిగి తీరిందని అనడం వేరు. అది జరగవచ్చునన్నదానికి, జరిగిందన్నదానికి మధ్య గల దూరాన్ని బ్రయన్ గుర్తించలేదు. ఆ దూరమే చివరకు ఆయనను నిలదీసింది.

మన దేశంలో బ్రయన్

1905లో ఆయన భార్యాబిడ్డలతో ప్రపంచయాత్రకు బయలుదేరారు. జపాను, చైనా, ఫిలిప్పీన్స్ చూసుకుని 1906లో భారతదేశం వచ్చారు. విదేశాలలో క్రైస్తవ ప్రచారాన్ని గట్టిగా సమర్థించిన వ్యక్తి ఆయన. ఆ విషయం దాచవలసిన పని లేదు. అయినా ఇక్కడి పన్నుల భారాన్ని, కరవులను, చదువులేమిని చూసి మౌనంగా ఉండలేకపోయారు. బ్రిటిషు పాలన భారతీయుల మేలుకోసం జరగడం లేదని విమర్శిస్తూ ఒక వ్యాసం ప్రకటించారు. తరువాతి కాలంలో గదర్ పార్టీ వారు ఆ వ్యాసాన్ని కరపత్రంగా అచ్చువేసి పంచిపెట్టారు. సొంత దేశం ఫిలిప్పీన్స్‌ను ఆక్రమించుకున్నప్పుడు ఎదిరించిన నాయకుడు మన దేశం విషయంలోనూ అదే న్యాయం మాట్లాడారు.

పదవి కన్న శాంతి మిన్న

1913లో అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ ఆయనను విదేశాంగ మంత్రిగా నియమించారు. వివాదం వస్తే వెంటనే కత్తి దూయకుండా, విచారణ సంఘానికి అప్పగించి కొంతకాలం ఆగాలన్న ఒప్పందాలను ఆయన 30 దేశాలతో కుదిర్చారు. మద్యం ముట్టని వ్రతాన్ని మంత్రి అయ్యాక కూడా సడలించక, విదేశీ రాయబారుల విందులో సారాయానికి బదులు ద్రాక్షరసం వడ్డించారు. పత్రికలు ఎగతాళి చేసినా చలించలేదు.

1915 మే 7న జర్మనీ జలాంతర్గామి లూసిటానియా అనే ప్రయాణికుల ఓడను ముంచివేసింది. సుమారు 1,200 మంది చనిపోయారు. వారిలో 128 మంది అమెరికన్లు. జర్మనీకి విల్సన్ పంపదలచిన కఠినమైన లేఖ తమ దేశాన్ని యుద్ధంలోకి ఈడ్చుతుందని బ్రయన్ భయపడ్డారు. ఆ లేఖపై సంతకం చేయలేక జూన్‌లో పదవికి రాజీనామా చేశారు. నమ్మినదానికోసం పదవిని గడ్డిపోచగా వదులుకోగల మనిషి అని చెప్పడానికి ఇంతకన్న వేరే సాక్ష్యం అక్కరలేదు.

డార్విన్ పై కోపం ఎందుకు?

అటువంటి మనిషి జీవితం చివరి అయిదేళ్లు జీవపరిణామ సిద్ధాంతం పై యుద్ధానికి వినియోగించారు. దానికి కారణం వట్టి మూర్ఖత్వమని చాలామంది తేల్చివేస్తారు. అది న్యాయం కాదు.

మొదటి ప్రపంచయుద్ధం ఆయన మనసును గాయపరచింది. జర్మన్ సైనికాధికారులతో మసలిన వెర్నన్ కెలాగ్ అనే అమెరికన్ జీవశాస్త్రజ్ఞుడు 1917లో ఒక పుస్తకం వెలువరించారు. బలవంతుడు బలహీనుని తొక్కి ముందుకు సాగడమే ప్రకృతి ధర్మమని ఆ అధికారులు తమ యుద్ధాన్ని సమర్థించుకున్న తీరు అందులో ఉంది. అది చదివి బ్రయన్ కలత చెందారు. కళాశాలలో పై తరగతులకు వెళ్లేకొద్దీ విద్యార్థులలో దైవవిశ్వాసం సన్నగిల్లుతున్నదని మనస్తత్వవేత్త జేమ్స్ లూబా 1916లో ప్రకటించిన పరిశోధన ఆయన ఆందోళనను రెట్టింపు చేసింది. జీవితమంతా బలహీనుల పక్షాన నిలిచిన మనిషికి, బలహీనుడు నశించడమే నియమమని చెప్పే సిద్ధాంతంగా డార్విన్ మాట వినిపించింది.

ఆ భయం పూర్తిగా నిరాధారం కాదు. ఆనాడు టెనెసీ పాఠశాలల్లో చదివించిన జీవశాస్త్ర పాఠ్యపుస్తకం మనుషుల్లో జాతులను మెట్లవారీగా పేర్చి తెల్లవారిని పైమెట్టున కూర్చోబెట్టింది. మందబుద్ధులుగా ముద్రపడినవారికి సంతానం కలగకుండా చూడాలని కూడా బోధించింది. 1927లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానమే అటువంటివారికి బలవంతపు శస్త్రచికిత్స చేయవచ్చునని తీర్పు చెప్పింది. విజ్ఞానం పేరుతో అహంకారం ఎంత దూరం పోగలదో అది చూపింది.

కానీ బ్రయన్ ఇక్కడ ఒక పొరపాటు చేశారు. ఒక సిద్ధాంతాన్ని కొందరు దుర్వినియోగం చేసినంత మాత్రాన ఆ సిద్ధాంతం అసత్యం కాదు. ప్రాణులు కాలక్రమంలో మార్పు చెందుతూ వచ్చాయనడానికి ఆనాటికే శిలాజాల రూపంలో బలమైన ఆధారాలున్నాయి, ఈ నూరేళ్లలో అవి మరింత బలపడ్డాయి. నిప్పుతో ఇల్లు కాల్చినవాణ్ణి దండించాలి గాని, నిప్పే లేదనడం సమాధానం కాదు. మరొక లోపాన్ని కూడా చెప్పుకోవాలి. బలహీనుల బంధువైన బ్రయన్, తన దేశంలో నల్లజాతివారికి జరిగిన అన్యాయాన్ని మాత్రం గట్టిగా ఎదిరించలేదు. 1924లో కూక్లక్స్ క్లాన్ అనే హింసాత్మక ముఠాను పేరుపెట్టి ఖండించే తీర్మానాన్ని పార్టీ మహాసభలో వ్యతిరేకించారు.

మూలసూత్రాల ఉద్యమం

అప్పటికే అమెరికా చర్చిలలో పెద్ద వివాదం నడుస్తున్నది. బైబిలును చరిత్ర పద్ధతిలో పరిశీలించిన పండితులు, అందులోని అద్భుతాలను కావ్యభాషగానో, ఆనాటి ప్రజల నమ్మకంగానో గ్రహించవచ్చునన్నారు. దానికి ప్రతిగా, చమురు వ్యాపారి లైమన్ స్టూవర్ట్ ధనసహాయంతో 1910, 1915 సంవత్సరాల మధ్య 12 సంపుటాలు వెలువడ్డాయి. సుమారు 30 లక్షల ప్రతులు ఉచితంగా పంచారు. వాటి పేరులోని మూలసూత్రాలు అన్న మాటనుంచే, 1920లో ఒక బాప్టిస్టు పత్రికా సంపాదకుని కలం ద్వారా, ఫండమెంటలిస్టు అనే పదం పుట్టింది.

1910లో ప్రెస్బిటేరియన్ మహాసభ అయిదు సూత్రాలను తప్పనిసరి అని నిర్ణయించింది. లేఖనాలలో దోషం లేదు, క్రీస్తు కన్యకు జన్మించాడు, మనుషుల పాపాలకోసం ప్రాణమర్పించాడు, శరీరంతోనే పునరుత్థానం చెందాడు, ఆయన చేసిన అద్భుతాలు నిజంగా జరిగాయి అన్నవి ఆ అయిదు. ఇందులో ఒక విశేషముంది. వీరిలో చాలామంది బైబిలులోని అద్భుతాలను అక్షరాలా నమ్మినా, తమ కాలంలో మహిమలు చూపుతామన్నవారిని మాత్రం అనుమానంగానే చూశారు. ప్రిన్స్టన్ పండితుడు బెంజమిన్ వార్‌ఫీల్డ్, అద్భుతాలు అపొస్తలుల కాలంతోనే ఆగిపోయాయని వాదిస్తూ 1918లో ఒక గ్రంథమే రాశారు. బ్రయన్ ఈ మూలసూత్రాల పక్షాన నిలిచి 1923లో ప్రెస్బిటేరియన్ మహాసభ అధ్యక్ష స్థానానికి పోటీచేసి, స్వల్ప తేడాతో ఓడిపోయారు.

డేటన్ పట్టణంలో విచారణ

1925 మార్చిలో టెనెసీ రాష్ట్రం ఒక చట్టం చేసింది. మానవుని దైవసృష్టిని కాదని, తక్కువ ప్రాణులనుంచి మనిషి వచ్చాడని ప్రభుత్వ పాఠశాలల్లో బోధిస్తే 100 నుంచి 500 డాలర్ల జరిమానా. చట్టంలో శిక్ష పెట్టవద్దని బ్రయన్ ముందే సలహా ఇచ్చారు గాని, దానిని పట్టించుకోలేదు. ఈ చట్టాన్ని సవాలు చేయదలచిన పౌరహక్కుల సంఘం ఒకటి ముందుకు రాగా, డేటన్ అనే చిన్న పట్టణంలోని పెద్దలు ఊరికి పేరు వస్తుందని ఆశించి, 24 ఏళ్ల ఉపాధ్యాయుడు జాన్ స్కోప్స్‌ను ముద్దాయిగా ఉండటానికి ఒప్పించారు. ప్రభుత్వం తరఫున బ్రయన్ వచ్చారు. ముద్దాయి తరఫున దేశంలోకెల్లా పేరుమోసిన న్యాయవాది, దేవుని విషయంలో ఏమీ తేల్చలేమనే క్లారెన్స్ డారో వచ్చారు. ఒకప్పుడు బ్రయన్‌ను రాజకీయంగా సమర్థించినవాడే ఈ డారో.

జూలై 10న విచారణ మొదలైంది. రేడియోలో దేశమంతా వినేలా ప్రసారం చేశారు. వీధుల్లో తినుబండారాల దుకాణాలు, కోతులనాడించేవారు, మతబోధకులు, విలేఖరులు చేరి ఊరు తిరునాళ్లను తలపించింది. సృష్టి రహస్యమంతటి గంభీర విషయం అంగడి సరుకైపోయింది.

చెట్ల నీడన సాక్ష్యం

ముద్దాయి పక్షాన వచ్చిన శాస్త్రజ్ఞులు జూరీ ఎదుట సాక్ష్యం చెప్పడానికి న్యాయమూర్తి జాన్ రాల్‌స్టన్ అనుమతించలేదు. అప్పుడు జూలై 20 మధ్యాహ్నం, బైబిలులో నిపుణుడుగా బ్రయన్‌నే సాక్షిగా పిలిచారు. ఎండకు, జనం బరువుకు భవనం తాళదన్న భయంతో న్యాయస్థానాన్ని అప్పటికే బయటి పచ్చికమీదికి మార్చారు. 65 ఏళ్ల బ్రయన్, 68 ఏళ్ల డారో ఎదురెదురుగా నిలిచారు. సాక్ష్యం చెప్పనని బ్రయన్ నిరాకరించవచ్చు. కానీ తన విశ్వాసానికి తాను సిగ్గుపడుతున్నానని లోకం అనుకుంటుందని ఆయన ముందుకు వచ్చారు.

యోనా అనే ప్రవక్తను ఒక పెద్ద చేప మింగి, మూడు రోజుల తరువాత ఒడ్డున విడిచిందన్న కథను నమ్ముతారా అన్నది ఒక ప్రశ్న. నమ్ముతానన్నారు బ్రయన్. మనిషినీ, చేపనూ చేసిన దేవుడు వాటిచేత ఏ పనైనా చేయించగలడన్నారు. యెహోషువ ఆజ్ఞపై సూర్యుడు ఆకాశంలో నిలిచిపోయాడన్నది మరొక ప్రశ్న. భూమే సూర్యునిచుట్టూ తిరుగుతున్నదని బ్రయన్ అంగీకరించారు. అయితే ఆనాటి జనానికి అర్థమయ్యే భాషలో గ్రంథం చెప్పిందన్నారు. తిరిగే భూమి ఒక్కసారిగా ఆగితే ఏమవుతుందని అడిగితే, ఆ విషయాన్ని దేవుడే చూసుకోగలడని బదులిచ్చారు. కయీనుకు భార్య ఎక్కడినుంచి వచ్చింది, జలప్రళయం ఏ సంవత్సరంలో వచ్చింది, అంతకుముందే చైనాలో, ఐగుప్తులో నాగరికతలు లేవా అంటూ ప్రశ్నలపరంపర సాగింది. అటువంటి విషయాలను తాను పరిశోధించలేదని ఆయన చెప్పవలసి వచ్చింది.

చివరకు సృష్టి ఆరు దినాలంటే ఇరవైనాలుగు గంటల దినాలేనా అని అడిగారు. కాకపోవచ్చు, అవి దీర్ఘకాలాలు కూడా కావచ్చునన్నారు బ్రయన్. అక్కడే అసలు విషయం బయటపడింది. అక్షరానికి కట్టుబడి ఉన్నానన్న వ్యక్తి కూడా అర్థం చెప్పుకోక తప్పలేదు. సూర్యుని విషయంలో ఒకసారి, దినం విషయంలో ఒకసారి, తన బుద్ధికి తోచిన వ్యాఖ్యానాన్ని ఆయన ఆశ్రయించారు. వ్యాఖ్యానం చేయడం తప్పు కాదు. తాను చేసుకున్న వ్యాఖ్యానాన్ని ఇతరులకు చట్టంతో నిషేధించబోవడమే తప్పు.

సుమారు రెండు గంటలు సాగిన ఈ సంవాదం ఇద్దరు పెద్దమనుషులూ ఆగ్రహంతో లేచి నిలబడటంతో ముగిసింది. డారో ప్రవర్తన కూడా హర్షించదగినదేమీ కాదు. ఒక వృద్ధుని విశ్వాసాన్ని జనం మధ్య నవ్వులపాలు చేయడమే విజయమనుకున్నట్లు ఆయన తీరు కనిపించింది. ఒకరు దైవరహస్యాన్ని రుజువుగా మార్చబోయారు, మరొకరు రుజువు లేదు గనుక రహస్యమే లేదన్నట్లు మాట్లాడారు.

ముగింపు

మరునాడు న్యాయమూర్తి ఆ సాక్ష్యాన్ని రికార్డులనుంచి తొలగించారు. జూరీ తొమ్మిది నిమిషాలలో స్కోప్స్ దోషి అని తేల్చింది. 100 డాలర్ల జరిమానా పడింది. 1927లో పై న్యాయస్థానం, జరిమానాను జూరీ కాక న్యాయమూర్తి నిర్ణయించారన్న సాంకేతిక కారణంతో ఆ శిక్షను కొట్టివేసింది. ఆ చట్టాన్ని మాత్రం 1967లో గాని రద్దు చేయలేదు.

ముగింపు వాదన లేకుండానే కేసు ముగియడంతో, బ్రయన్ ఎంతో శ్రమపడి సిద్ధం చేసుకున్న ప్రసంగం నోటనే ఉండిపోయింది. విజ్ఞానం బ్రహ్మాండమైన శక్తే గాని, ఆ శక్తిని ఏ మంచికి వాడాలో అది చెప్పజాలదన్నది అందులోని సారాంశం. దానిని అచ్చువేయించే ప్రయత్నంలో ఆ కొద్దిరోజులూ తిరిగారు. ఎంతోకాలంగా మధుమేహంతో బాధపడుతున్న ఆ శరీరం అలసిపోయింది. జూలై 26, ఆదివారం. డేటన్‌లోనే చర్చికి వెళ్లివచ్చి, భోజనం చేసి, కాసేపు నడుము వాల్చారు. మళ్లీ లేవలేదు. 1898 యుద్ధకాలంలో సైనికదళానికి కర్నలుగా పనిచేసినందున, ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో ఆయనను ఖననం చేశారు. తరువాత వచ్చిన నాటకమూ, 1960లోని సినిమా పేర్లు మార్చి ఆయనను ఒక హాస్యపాత్రగా చూపాయి. రైతుల కోసం గొంతు చించుకున్న బ్రయన్‌ను, శాంతికోసం పదవి విడిచిన బ్రయన్‌ను లోకం మరచిపోయింది. ఆ చెట్ల నీడన గడిచిన రెండు గంటలే గుర్తుంచుకున్నది.

ఈ జీవితం నుంచి మనం గ్రహించవలసినది ఏమిటి? బ్రయన్ చెప్పదలచిన మాట గొప్పది. బలవంతునిదే రాజ్యమన్న నీతి మానవునికి తగదన్నది ఆ మాట. దానిని ఆయన సూర్యుడు ఆగాడా, చేప మింగిందా అన్న ప్రశ్నలకు ముడివేశారు. ముడి విప్పలేకపోయేసరికి, ఆ గొప్ప మాటను కూడా ఎవరూ వినలేదు. ఆయన మతంలోనే పూర్వం అగస్టీన్ అనే ఆచార్యుడు దీనిని హెచ్చరించారు. భూమ్యాకాశాల విషయంలో అందరికీ తెలిసినదానికి విరుద్ధంగా గ్రంథం పేరు చెప్పి మాట్లాడితే, పరలోక విషయంలో ఆ గ్రంథాన్ని ఎవరు నమ్ముతారని ఆయన ఆవేదన. పదిహేను వందల ఏళ్లకు పైబడిన ఆ హెచ్చరిక బ్రయన్‌కు అండగా నిలిచి ఉండవలసింది.

మన మీమాంసకులు కూడా వేదవాక్యాలలో విధిని, అర్థవాదాన్ని వేరుచేసి చూపారు. ప్రత్యక్షానికి విరుద్ధంగా తోచే స్తుతివాక్యం అబద్ధం కాదు, దాని తాత్పర్యం వేరొకచోట ఉన్నదని బోధించారు. ఇంద్రియాలకు తెలిసే విషయంలో శ్రుతిని సాక్ష్యానికి పిలవరాదన్న నిర్ణయం శంకర భగవత్పాదుల గీతాభాష్యంలోనూ కనిపిస్తుంది. ఇంతటి వివేకాన్ని వారసత్వంగా పొందిన మనం దానిని పాటిస్తున్నామా? పురాణంలోని ప్రతి మహిమకూ ఏదో ఒక శాస్త్రప్రమాణం అతికించి, కాదన్నవారిపై కోపగించుకునే అలవాటు మనలో లేదా? బ్రయన్‌ను చూసి నవ్వేముందు ఒక్కసారి మన ఇంటి గడపవైపు చూసుకోవాలి.

నలభై ఏళ్లుగా ఆలయ మండపంలో పురాణం చెబుతున్నాను. మహిమల ఘట్టం వచ్చినప్పుడు పిల్లలు ఆ ప్రశ్న అడుగుతూనే ఉంటారు. యౌవనంలో నేనూ వారిని గద్దించాను. గద్దించిన పిల్లల్లో కొందరు మళ్లీ మండపం మెట్లెక్కలేదు. ఆ బాధ ఈ వయస్సులోనూ నన్ను విడువలేదు. ఇప్పుడు మాత్రం ముందుగా వారి ప్రశ్నను మెచ్చుకుంటాను. ఆ కథ మనకు ఏమి నేర్పుతున్నదో చెబుతాను. తెలియనిది తెలియదని ఒప్పుకుంటాను.

వేసవిలో ఇంట పుచ్చకాయ కోసినప్పుడు ఒక గింజను పిల్లవాడి అరచేతిలో పెట్టండి. దానిని నేలలో నాటించి, రోజూ నీరు పోయించండి. మొలక ఎలా వచ్చిందో శాస్త్రం వాడికి చదువులో చెబుతుంది, చెప్పనివ్వండి. అంతా తెలిసిన తరువాత కూడా ఆ చిన్న మొలక ముందు వాడి చేతులు వాటంతటవే జోడింపబడితే, ఆ నమస్కారాన్ని ఏ న్యాయస్థానమూ ప్రశ్నించజాలదు.